బాల్ పైథాన్ పిల్ల మూడున్నర వారాలుగా ఏమీ తినట్లేదు, ఏం చెయ్యాలి?

ఫ్రిస్కో_నాన్న:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మావాడికి పదకొండేళ్లు, రెండేళ్ల నుంచి పాము కావాలి పాము కావాలి అని ఒకటే పోరు, వద్దంటూనే లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి వాడితో పాటు నేనూ చదివా, ఆఖరికి పోయిన నెల ఇక్కడ జరిగిన రెప్టైల్ ఎక్స్‌పోలో ఒక బాల్ పైథాన్ (చిన్న రకం కొండచిలువ) పిల్లని కొన్నాం. డిసెంబర్లో గుడ్డులోంచి బయటికొచ్చిందట. అమ్మినాయన "ఇది ఫ్రోజెన్ ఎలుక పిల్లలు బ్రహ్మాండంగా తింటుంది" అని చెప్పాడు, ఎన్నిసార్లు తిన్నదీ ఎప్పుడు తిన్నదీ రాసిన కాయితం ఏదీ ఇవ్వలేదు, అడగాలని మాకూ తెలీదు.

ఇంటికొచ్చి ఇవాళ్టికి 24 రోజులు. ఇప్పటికి ఐదుసార్లు పెట్టి చూశాం, ఒక్కసారి కూడా ముట్టలేదు. ఎలుక పిల్లని జిప్ కవర్లో పెట్టి వేడినీళ్లలో కరిగించి, పొడుగు టంగ్స్‌తో పట్టుకుని దాని మొహం ముందు ఆడిస్తే, తల వెనక్కి లాక్కుని ఉండలా చుట్టుకుపోతోంది. అమ్మినాయన వేరే డబ్బాలో పెట్టి తినిపించండి, లేకపోతే చెయ్యి కరవడం అలవాటవుతుంది అన్నాడు, అందుకని ప్రతిసారీ తీసి ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ట్రై చేస్తున్నాం.

కొన్నరోజు 61 గ్రాములు, నిన్న కిచెన్ స్కేల్ మీద పెడితే 57. మావాడు స్కూల్ నుంచి రాగానే బ్యాగ్ అక్కడే పడేసి టాంక్ దగ్గరికి పరిగెడతాడు, తిన్నదా నాన్నా అని. రాత్రి నిద్రలోంచి లేచి ఫోన్ లైటు వేసి చూసి వస్తున్నాడు. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ అయితే "గిన్నెలో పాలు పోసి పెట్టరా, నాగేంద్రుడు ఆకలితో ఉంటే ఇంటికి మంచిది కాదు" అంటోంది. మా ఆవిడ శుద్ధ శాకాహారి, ఆ ఎలుకల కోసం గరాజ్‌లో వేరే చిన్న ఫ్రీజర్ పెట్టడానికి ఒప్పుకుందంటేనే గొప్ప, అలాంటిది ఇప్పుడు తనే ఆన్‌లైన్‌లో వెతికి దాని నోరు తెరిచి పెట్టొచ్చేమో చూడండి అంటోంది. చచ్చిపోతుందేమోనని అందరం భయపడుతున్నాం. ఎవరైనా పెంచినవాళ్లుంటే చెప్పండి.

ఎడిసన్_కొండచిలువ:

ముందు ఒక మాట, కంగారు పడకండి, 61 నుంచి 57 అంటే ప్రమాదం కాదు. నేను న్యూజెర్సీలో పద్నాలుగేళ్లుగా ఇవే పెంచుతున్నా, పిల్లల్ని కూడా చేయించా. కొత్త ఇంటికొచ్చిన బాల్ పైథాన్ పిల్ల తినకపోవడం అనేది నేను చూసిన ప్రశ్నల్లో సగం ఉంటుంది.

ఇవి చెప్పండి, తర్వాత మాట్లాడదాం. టాంక్ ఎంత పెద్దది? దాక్కోడానికి ఎన్ని హైడ్స్ ఉన్నాయి, ఎంత సైజువి? వేడి దేంతో ఇస్తున్నారు, థర్మోస్టాట్ ఉందా? టెంపరేచర్ దేంతో కొలుస్తున్నారు, ఎక్కడ కొలుస్తున్నారు? హ్యుమిడిటీ ఎంత? రోజుకి ఎన్నిసార్లు బయటికి తీస్తున్నారు? ఫోటో అక్కర్లేదు, నిజాలు చాలు. ఈలోపు దానికి ఏమీ పెట్టకండి, దయచేసి ముట్టుకోకండి.

ఫ్రిస్కో_నాన్న:

థాంక్సండీ. టాంక్ 40 గాలన్ గాజుది, పెద్దదైతే బావుంటుందని కొన్నాం. లోపల ఒక హైడ్, కొబ్బరి చిప్ప కాదు, రాయిలా ఉండే రెజిన్‌ది, పెద్ద పాముకి సరిపోయేంత ఉంటుంది, రేపు పెరుగుతుంది కదా అని. వేడికి పైన 100 వాట్ల ఎర్ర బల్బు, రాత్రీ పగలూ వెలుగుతుంది. థర్మోస్టాట్ లేదు. గాజుకి అతికించే గుండ్రటి మీటర్ 85 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తోంది. హ్యుమిడిటీ మీటర్ 35 దగ్గర ఉంది. బయటికి తీయడం అంటే మావాడు సాయంత్రం ఒక అరగంట చేతిలో పెట్టుకుంటాడు, పడుకునే ముందు ఇంకోసారి. చుట్టాలొస్తే చూపించడానికి కూడా తీశాం, రెండు మూడుసార్లు.

ఎడిసన్_కొండచిలువ:

మీరు దాచకుండా చెప్పారు కాబట్టి నేనూ సూటిగా చెప్తా. ఆ పిల్లకి ఆకలి లేక కాదు, ప్రాణభయంతో తినట్లేదు.

అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి ఆలోచించండి. వీటి ఊరు పశ్చిమ ఆఫ్రికా, ఘనా, టోగో, బెనిన్ ఆ వైపు. అక్కడ ఇవి చెట్లెక్కి తిరిగేది తక్కువ, ఎలుకల కలుగుల్లో, చెదపుట్టల్లో దూరి పగలంతా పడుంటాయి, చీకటి పడ్డాక బయటికొస్తాయి. కలుగులో ఒళ్లంతా మట్టి తగులుతూ ఉంటుంది, అదే వాటికి ధైర్యం. నలభై ఏభై గ్రాముల పిల్ల అంటే గద్దకీ, ముంగిసకీ, పెద్ద పామైతే దానికీ అన్నిటికీ అది ఆహారమే. అలాంటి దాన్ని తీసుకొచ్చి నాలుగు వైపులా గాజు ఉన్న హాల్లో పెట్టి, పైన ఇరవై నాలుగ్గంటలూ లైటు వేసి, ఒక్క హైడ్ పెట్టి, అది కూడా లోపల గోడలు ఒంటికి తగలనంత పెద్దది, రోజుకి రెండుసార్లు చేతితో పైకెత్తితే అది తిండి గురించి ఆలోచించదు. దానికి బాల్ అనే పేరు వచ్చిందే అందుకు, భయమేస్తే తల మధ్యలో దాచుకుని ఉండ చుట్టేస్తుంది. మీరు ఎలుక పిల్ల పెట్టినప్పుడల్లా అది చేస్తున్నది అదే.

రెండోది వేడి. గాజుకి అతికించిన మీటర్ ఆ గాజు పక్కన గాలి ఎంత ఉందో చెప్తుంది, పాము పడుకునే నేల ఎంత వేడిగా ఉందో చెప్పదు. పదిహేను ఇరవై డాలర్లలో ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్ వస్తుంది, ఇవాళే కొనండి, హైడ్ ఎత్తి దాని కింద నేల మీద కొట్టి చూసి నంబర్ ఇక్కడ రాయండి. వేడి వైపు హైడ్ లోపల 88 నుంచి 90 ఉండాలి, చల్ల వైపు 78 దగ్గర. ఇండియాలో చదివేవాళ్లకి సెల్సియస్‌లో అయితే 31, 32 ఒక వైపు, 25, 26 ఇంకో వైపు. పాముకి తన ఒంట్లో వేడి తయారుకాదు, బయటి వేడి లేకపోతే తిన్నది అరగదు, అరగదని దానికి తెలుసు కాబట్టి తినదు.

హ్యుమిడిటీ 35 అంటే మరీ తక్కువ, 60 దగ్గరికి తీసుకురావాలి, లేకపోతే రేపు కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, కళ్ల మీద పొర ఉండిపోతుంది, అదో తలనొప్పి.

ఇప్పుడు చేయాల్సింది. ఆ 40 గాలన్ టాంక్ పక్కన పెట్టేయండి, ఏడాది తర్వాత పనికొస్తుంది. షూస్ పెట్టుకునే 6 క్వార్ట్ ప్లాస్టిక్ టబ్ ఒకటి తీసుకోండి, మూత గట్టిగా లాక్ అయ్యేది, పక్కల సోల్డరింగ్ ఐరన్‌తో నాలుగైదు కన్నాలు పెట్టండి, కన్నం పెన్సిల్ కంటే సన్నగా ఉండాలి, లేకపోతే రాత్రికి రాత్రి దూరి పోతుంది. కింద పేపర్ టవల్ పరవండి. టబ్ కింద ఒక వైపు మూడో వంతు మాత్రమే హీట్ మ్యాట్, దానికి థర్మోస్టాట్ తప్పనిసరి, దాని ప్రోబ్‌ని (వేడిని కొలిచే తీగ కొసని) మ్యాట్‌కీ టబ్‌కీ మధ్యలో పెట్టి 90కి సెట్ చేయండి. థర్మోస్టాట్ లేని మ్యాట్ మీద పాము పొట్ట కాలిపోయిన కేసులు నేను కళ్లారా చూశా, అది కాలుతున్నా పక్కకి జరగదు, ఆ విషయంలో ఒక్క డాలర్ కూడా పొదుపు చేయకండి. లోపల రెండు హైడ్స్, వేడి వైపు ఒకటి చల్ల వైపు ఒకటి, రెండూ చిన్నవి, అది చుట్టుకుంటే వీపు పైకప్పుకి తగలాలి. ప్లాస్టిక్ బౌల్ బోర్లించి వాకిలి కట్ చేసినా చాలు. మిగతా ఖాళీ అంతా నలిపిన న్యూస్‌పేపర్ ఉండలతో నింపేయండి. బరువైన చిన్న నీళ్ల గిన్నె. టబ్ మీద ఒక టవల్ కప్పి, జనం తిరగని గదిలో పెట్టండి.

తర్వాత ఏడు రోజులు చూడొద్దు. నీళ్లు మార్చడానికి తప్ప మూత తీయొద్దు. మీ అబ్బాయికి ఇది కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు, కానీ వాడు ఆ పాముకి చేయగలిగిన పెద్ద సాయం ఇప్పుడు ఇదే.

హ్యూస్టన్_రెడ్డి:

ఏడు రోజులు ఆగమంటే ఎలా అన్నా, ఇప్పటికే మూడున్నర వారాలు అయ్యింది పాపం. చిన్నపిల్లాడు అన్నం తిననని మారాం చేస్తే నోట్లో పెట్టి తినిపించమా? నా ఫ్రెండ్ ఒకడు మెల్లగా నోరు తెరిచి చిన్న పింకీ (బొచ్చు రాని, అప్పుడే పుట్టిన ఎలుక పిల్ల) తోసేశాడు, తర్వాత అదే తినడం మొదలెట్టింది. వీడియోలు బోలెడు ఉన్నాయి.

ఎడిసన్_కొండచిలువ:

తమ్ముడూ నీ ఉద్దేశం మంచిదే, కానీ ఈ సలహా ఈ స్టేజ్‌లో ఇవ్వకు. నా సంగతి చెప్తా. 2014లో నా దగ్గర ఒక పిల్ల ఆడపాము ఇలాగే ఐదు వారాలు తినలేదు. నేనూ భయపడి, వీడియో చూసి, నోరు తెరిచి పెట్టా. మొదటిసారి మింగింది, మర్నాడు కక్కేసింది. నాలుగు రోజులకి మళ్లీ పెట్టా, మళ్లీ కక్కింది. కక్కిన ప్రతిసారీ కడుపులో ఆమ్లమూ నీరూ పోయి మింగకముందు కంటే నీరసపడుతుంది, అది నాకప్పుడు తెలీదు. మూడోసారి పెట్టేటప్పుడు చిగురు చిట్లి రక్తం వచ్చింది, అక్కణ్ణుంచి నోట్లో ఇన్ఫెక్షన్, పది రోజుల్లో పోయింది. అప్పుడు దాని టబ్‌లో టెంపరేచర్ నేను సరిగ్గా కొలవలేదు, అసలు తప్పు అదీ. ఇన్నేళ్లయినా ఆ పిల్ల తల నా వేళ్ల మధ్య ఎలా మెలికలు తిరిగిందో మర్చిపోలేదు.

నోట్లో పెట్టి తినిపించడం అనేది ఉంది, నేనూ ఇప్పుడు అవసరమైతే చేస్తా, కానీ అది అన్నీ అయిపోయాక చివరిది. గుడ్డులోంచి వచ్చాక ఒక్కసారి కూడా తినని పిల్లకి, ఒళ్లు తగ్గి వెన్నెముక పైకి కనిపిస్తుంటే, చేయి తిరిగినవాళ్లు చేయాలి. ఈయన పాము 57 గ్రాములు, ఇంకా టైముంది.

ఓరుగల్లు_రెస్క్యూ:

అన్నా నమస్తే, నేను వరంగల్ నుంచి. ఫారెస్టోళ్ల పర్మిషన్‌తోని ఇండ్లల్లకు వచ్చిన పాములను పట్టి అడవిల వదులుతుంట. పెంపకం సంగతి ఎడిసన్ అన్న చెప్పిండు, నేను అమ్మగారి పాల సంగతి చెప్త.

అమ్మను ఏమనకుండ్రి, మా ఇంట్ల మా నాయనమ్మ గూడ గంతే. మా దిక్కు నాగుల పంచమికి, మీ దిక్కు నాగుల చవితికి పుట్టల పాలు పోసుడు చిన్నప్పటి నుంచి చూసినం. కానీ పాముకు పాలు తిండి కాదన్నా. పాము పిల్లకు తల్లి పాలియ్యదు, గుడ్డు పలిగిందంటె అప్పటి నుంచి దాని బతుకు అదే. పాలల్ల ఉండే చక్కెరను అరిగించుకునే శక్తి దాని కడుపుల లేదు. మరి పండుగనాడు పాములోళ్లు పట్టుకొచ్చిన నాగుపాము పాలు తాగుతది గద అంటరు. పండుగకు ముందు రోజుల తరబడి నీళ్లియ్యకుంట బుట్టల పెడుతరు, గొంతెండిపోయి ఉంటది, అప్పుడు ముందట ఏది పెట్టినా తాగుతది. తాగినంక రోగం తగిలి సచ్చిపోతయి, కోరలు పీకి, నోరు కుట్టినవి గూడ మేం పట్టుకున్నం. పండుగ అయినంక వాటిని సూసుడు మస్తు బాధైతది.

అమ్మకు గిట్ల చెప్పుండ్రి, పాముకు మంచి నీళ్లు పెట్టుడే పుణ్యం అని. రోజు పొద్దుగాల శుభ్రంగ గిన్నె కడిగి నీళ్లు మార్చే పని అమ్మకే ఇయ్యిండ్రి. మా నాయనమ్మకు నేను గిదే చెప్పిన, ఒప్పుకున్నది.

ఇంకొకటి, ఎడిసన్ అన్న చెప్పిన భయం సంగతి అక్షరాల నిజం. మేం జెర్రిపోతును పట్టినప్పుడు అది ముందు చేసే పని కడుపుల ఉన్న ఎలుకను కక్కుడు, తేలికై పారిపోదామని. అట్లాంటిది, పాణం గుప్పిట్ల పెట్టుకున్న పాముకు కొత్తగ తినబుద్ధి ఎట్ల అయితది?

ఇక్కడ ఇండియాల చదివే తమ్ముళ్లకు ఒక మాట. ఇది చూసి మీరు నాగుపామునో, జెర్రిపోతునో, మన కొండచిలువనో తెచ్చి పెంచుదామనుకోకుండ్రి. 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, జైలు ఉంటది. బయటి దేశపు బాల్ పైథాన్ అయినా 2024ల వచ్చిన రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్ల రిజిస్టర్ చేయాలె, కాయితం లేకుంట ఎవలన్న అమ్మితే కొనకుండ్రి.

ఫ్రిస్కో_నాన్న:

ఇద్దరికీ చేతులెత్తి దండం. టెంపరేచర్ గన్ వచ్చింది. పాత టాంక్‌లో హైడ్ కింద కొట్టి చూస్తే 77. మీటర్ 85 అంటోంది, పాము పడుకునే చోటు 77, చల్ల వైపు 70. ఆ నంబర్ చూసి మా ఆవిడ "అయితే ఇన్నాళ్లూ అది చలికి వణికిందా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

మీరు చెప్పినట్టే టబ్ రెడీ చేశాం. హైడ్స్‌కి పెరుగు డబ్బాలు రెండు బోర్లించి, నల్ల టేప్ చుట్టి, వాకిలి కోసి అంచులకి ఇసుకకాయితం రుద్దాం, గీసుకోకుండా. వేడి వైపు 89, చల్ల వైపు 78, రెండు రోజులు ఖాళీ టబ్‌ని నడిపి చూశాకే పాముని మార్చాం. మార్చేముందు బరువు 56. మీటర్ ప్రకారం హ్యుమిడిటీ 58. మావాడు టబ్ మీద కాయితం అంటించి "ఏడు రోజులు" అని రాసి రోజుకో గీత కొడుతున్నాడు. అమ్మ పొద్దున్నే స్నానం చేసి వచ్చి గిన్నెలో నీళ్లు మారుస్తోంది, లోపలికి చూడకుండా.

వేరే డబ్బాలో పెట్టి తినిపించే సంగతి చెప్పలేదు మీరు, అది మానేయాలా?

ఎడిసన్_కొండచిలువ:

మానేయండి. చెయ్యి కరుస్తుందనేది పాతకాలం మాట. తీసి ఇంకో డబ్బాలో పెడితే మళ్లీ కొత్త చోటు, మళ్లీ భయం, తిన్నాక మళ్లీ ఎత్తితే కక్కే ఛాన్స్. దాని ఇంట్లోనే, దాని హైడ్ వాకిలి దగ్గరే పెట్టాలి.

ఏడు రోజులయ్యాక ఎలా పెట్టాలో ఇప్పుడే చెప్తా. ఫజ్జీ (ఇంకా కళ్లు తెరవని ఎలుక పిల్ల) కాదు, హాపర్ సైజు తీసుకోండి, ఒంటి మీద బొచ్చు వచ్చి అప్పుడే కళ్లు తెరిచినవి, ఏడెనిమిది గ్రాములు ఉంటాయి. మీ పాము బరువులో పది పదిహేను శాతం, సరిపోతుంది. మైక్రోవేవ్ వద్దే వద్దు, లోపల ఉడికిపోయి పొట్ట పగులుతుంది. సాయంత్రం ఫ్రిజ్‌లో కరగనిచ్చి, రాత్రి గోరువెచ్చని నీళ్లలో కవర్‌తో సహా పెట్టి, చివర్లో తడి లేకుండా తుడిచి హెయిర్ డ్రయర్‌తో తల భాగం వేడి చేయండి, గన్ పెడితే 100 దగ్గర చూపించాలి. పాము పై పెదవి పొడుగునా చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి చూడండి, వాటితో అది వేడిని చూస్తుంది, చీకట్లో బతికున్న ఎలుక వేడి బొమ్మలా కనిపిస్తుంది. మీరు ఇన్నాళ్లూ చల్లబడిన ఎలుకని లైటు వెలుగులో పెట్టారు, దానికది ఎలుకలా కనిపించి ఉండదు.

గదిలో లైట్లన్నీ ఆపి, రాత్రి తొమ్మిది దాటాక, ఎలుకని వీపు మీద టంగ్స్‌తో పట్టి, వాకిలికి రెండంగుళాల దూరంలో నేల మీద మెల్లగా కదపండి, ఎలుక నడిచినట్టు. మొహానికి తగిలించొద్దు. ఐదు నిమిషాలు చూసి తీసుకోకపోతే వాకిలి దగ్గర వదిలేసి మూత పెట్టి పొద్దున్న చూడండి. లేకపోతే ఇంకో ఏడు రోజులు. రోజు విడిచి రోజు పెడితే ఆ వాసనకే భయం అలవాటవుతుంది.

మెల్‌బోర్న్_శ్రీ:

హాయ్ అందరికీ, మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం. ఇక్కడ బాల్ పైథాన్స్ పెంచడం నిషేధం, బయటి దేశపు పాములేవీ ఇంట్లో ఉంచకూడదు, ఈ దేశపు పాములే లైసెన్స్ తీసుకుని పెంచాలి. నాది చిల్డ్రన్స్ పైథాన్ అనే ఇక్కడి చిన్న రకం కొండచిలువ. పుట్టినప్పుడు అగరుబత్తీ అంత లావు కూడా లేదండీ. అది కూడా ఇలాగే తినలేదు, కానీ దాని కారణం వేరు. ఈ జాతి పిల్లలు అడవిలో మొదట తినేది బల్లుల్లాంటి స్కింక్‌లు, గెకోలు, ఎలుక అంటే ఏంటో వాటికి తెలీదు. మా బ్రీడర్ దగ్గర ఊడిన గెకో చర్మం తెచ్చుకుని, పింకీని సబ్బు లేకుండా కడిగి ఆరబెట్టి, ఆ చర్మం ముక్క దాని ముక్కు మీద అంటించి పెడితే రెండో ప్రయత్నంలో తీసుకుంది. నాలుగు భోజనాలు అలా పెట్టి, ఆ ముక్క చిన్నది చేసుకుంటూ వచ్చి మానిపించాం. కార్న్ స్నేక్ పిల్లలకి కూడా అమెరికాలో బల్లి వాసన ట్రిక్ వాడతారు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే ఫ్రిస్కో గారూ, ఆన్‌లైన్‌లో పాము తినకపోతే ఇలా చేయండి అని వంద చిట్కాలుంటాయి, అవి ఏ జాతి పాముకో చూసుకోండి. పెంపకంలో బాల్ పైథాన్ పిల్లలు మొదటి నుంచీ ఎలుకలు తింటాయి, బల్లి వాసన దానికి అక్కర్లేదు.

ఫ్రిస్కో_నాన్న:

అప్‌డేట్. ఎనిమిదో రోజు రాత్రి పెట్టాం. ఈసారి తేడా ఉంది, ఉండ చుట్టలేదు. డబ్బా వాకిట్లోంచి ముక్కు మాత్రం బయటికి పెట్టి నాలుక మెల్లగా, చాలా మెల్లగా ఆడించింది, మెడ ఎస్ ఆకారంలో వంచింది, మేం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం, ఒక రెండు నిమిషాలు అలాగే ఉండి వెనక్కి వెళ్లిపోయింది. పొద్దున్నకి కూడా తినలేదు. బరువు 55. అంటే 61లో పది శాతం తగ్గినట్టే కదా. ఇప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలా?

ఎడిసన్_కొండచిలువ:

మెడ ఎస్‌లా వంచింది అంటే తినాలనే ఉంది, సగం గెలిచారు. డాక్టర్ విషయానికొస్తే, నోరు తెరుచుకుని ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, గురగుర చప్పుడు, నోట్లో పసుపు రంగు చీము, పొలుసుల మధ్య నల్లటి చుక్కల్లాంటి పురుగులు, ఇందులో ఏ ఒక్కటి ఉన్నా రేపే వెళ్లండి, మామూలు కుక్కల డాక్టర్ కాదు, ఎగ్జోటిక్స్ (పాముల్లాంటి జంతువుల్ని) చూసేవాళ్లు. అవేమీ లేకపోయినా 52కి దిగితే వెళ్లండి, పేడ టెస్ట్ చేయిస్తే కడుపులో పరాన్నజీవులు ఉన్నాయేమో తెలుస్తుంది.

అవేమీ లేవు కదా, అయితే ఈసారి ఒక్కటి మారుద్దాం. నాకు అనుమానం ఏంటంటే, అమ్మినాయన దగ్గర ఇది బతికున్న ఎలుకలే తిని ఉంటుంది, చాలామంది బ్రీడర్లు పిల్లలకి మొదటి రెండు మూడు భోజనాలు అలాగే పెడతారు. ఏడు రోజులు ఆగి, బతికున్న హాపర్ ఒకటి తెచ్చి పెట్టండి. కళ్లు అప్పుడే తెరిచినదే అయ్యుండాలి, ఆ వయసులో అది పాముని గట్టిగా కరిచే అవకాశం తక్కువ. అంతకంటే పెద్ద ఎలుకని వదిలి వెళ్తే పాము తినని రాత్రి ఎలుకే పాముని కొరికి తింటుంది, వెన్నెముక దాకా కొరికిన పాముల్ని చూశా. ఇది మీ ఇంట్లో చూడటానికి కష్టమైన విషయం, ఆడవాళ్లకీ బాబుకీ ముందే చెప్పండి, చూడాలని లేకపోతే చూడక్కర్లేదు. ఒకట్రెండుసార్లు తిన్నాక మళ్లీ ఫ్రోజెన్‌కి మార్చుకోవచ్చు.

ఫ్రిస్కో_నాన్న:

తినేసిందండీ!!!

నిన్న రాత్రి. మా ఆవిడా అమ్మా పైనే ఉన్నారు, నేనూ వాడూ మాత్రమే. వాడికి ముందే కూర్చోబెట్టి చెప్పా, ఆ ఎలుక కూడా ప్రాణమే, చూడలేకపోతే నువ్వూ పైకి వెళ్లు, తప్పేం లేదు అని. వాడు కాసేపు ఆలోచించి "ఉంటా నాన్నా, దానికి ఆకలి" అన్నాడు. లైట్లు ఆపేసి, హాల్‌వే లైటు సందులోంచి వచ్చే వెలుతురు మాత్రం ఉంచాం. ఎలుకని వాకిలి దగ్గర వదిలా. నలిపిన పేపర్ మీద దాని కాళ్ల చప్పుడు గరగరమని వినిపిస్తోంది. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత పెరుగు డబ్బాలోంచి తల వచ్చింది, నాలుక ఒక్కసారి బయటికొచ్చి అలా ఆగిపోయింది, ఆ తర్వాత ఏమైందో మాకు కనిపించలేదు, అంత వేగం. చూసేసరికి రెండు చుట్లు చుట్టేసి ఉంది. వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నాలుగైదు నిమిషాలు కదల్లేదు, తర్వాత మెల్లగా చుట్టు వదిలి, ముక్కుతో ఎలుక ఒంటి మీద వెతుక్కుంటూ తల ఎక్కడుందో చూసుకుని అక్కణ్ణుంచి మొదలెట్టింది. దవడ ఒక వైపు ముందుకు, ఇంకో వైపు ముందుకు, నడిచినట్టే. పదిహేను నిమిషాలకి తోక మాత్రం నోట్లోంచి సన్నటి దారంలా వేలాడుతోంది, అదీ పోయాక రెండుసార్లు పెద్దగా ఆవులించి డబ్బాలోకి వెళ్లిపోయింది.

వాడు చప్పుడు కాకుండా మెట్లెక్కి నాయనమ్మని లేపి చెవిలో చెప్పాడు. అమ్మ లేచి దేవుడి గదిలో దీపం పెట్టింది, రాత్రి పదకొండుకి.

ఇప్పుడు ఏం చెయ్యాలి, ఏం చేయకూడదు?

ఎడిసన్_కొండచిలువ:

చాలా చాలా సంతోషం, బాబుకి నా తరఫున ఒక హగ్ ఇవ్వండి. అంత ఓపిగ్గా గీతలు కొట్టుకుంటూ ఆగింది వాడే.

48 గంటలు ముట్టుకోవద్దు, బరువు కూడా చూడొద్దు, నీళ్లు మాత్రం చూసుకోండి. ఏడో రోజు మళ్లీ హాపరే, సైజు పెంచకండి. ఈసారి బతికున్నది కాకుండా, అప్పుడే చంపినది దొరికితే అది వేడిగా ఉండగానే పెట్టండి, అది తీసుకుంటే ఆ తర్వాత ఫ్రోజెన్‌ని హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి. తీసుకోకపోతే పట్టుబట్టకండి, ఇంకో రెండు భోజనాలు బతికున్నదే పెట్టి మళ్లీ ట్రై చేయండి, ముందు ఒళ్లు పట్టనివ్వాలి. వరసగా మూడు నాలుగు భోజనాలు అయ్యేదాకా చేతిలోకి తీసుకోవద్దు, ఆ తర్వాత వారానికి రెండుసార్లు, పది నిమిషాలు. ఒక నోట్‌బుక్ పెట్టి తేదీ, ఏం పెట్టాం, తిన్నదా లేదా, బరువు ఎంత అని బాబు చేతే రాయించండి. మధ్యలో కళ్లు నీలంగా మబ్బు పట్టినట్టు అయితే కుబుసం విడవబోతోందని అర్థం, ఆ వారం తినకపోయినా భయపడొద్దు.

ఓరుగల్లు_రెస్క్యూ:

మస్తు మంచి వార్త అన్నా. అమ్మకు నా నమస్కారం చెప్పుండ్రి.

ఫ్రిస్కో_నాన్న:

చెప్పానండీ. నోట్‌బుక్ మొదలెట్టేశాడు, అట్ట మీద పాము బొమ్మ వేశాడు. మూడో రోజు సాయంత్రం స్కేల్ మీద పెట్టాం, 61. మొదటి పేజీలో వాడు రాసిన మొదటి లైను అదే.